సిబిల్ పోయినాక మళ్లా తెచ్చుకోవడం ఎట్ల: కడపలో ఒక లెక్కల మేడమ్ ప్రసంగం

కడపలో ప్రైవేటు స్కూళ్లు, కాలేజీల్లో పనిచేసేవాళ్ల కోసం ఆదివారం పొద్దున పెట్టుకున్న సమావేశంలో ఇంటర్ లెక్కలు చెప్పే మేడమ్ ఒకరు మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినోళ్లు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేసినాం. తడబాట్లు మాత్రం తీసేసినాం, మిగతాదంతా మేడమ్ మాట్లాడినట్టే ఉండాది.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఈడ కుర్చీలు ఖాళీగా ఉండాయి. అక్కా, పాపను ఎత్తుకోని నిలబడినారు, మీరు ఇట్ల ఫ్యాన్ కిందికి రండి. వినపడతాందా అందరికీ? సరే.

నేను బ్యాంకులో పనిచేసేదాన్ని కాదు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తా. సిబిల్ అంటే మనం అప్పులు ఎట్ల కడతాండామో లెక్క రాసిపెట్టి మార్కులు వేసే కంపెనీ, ఆ మార్కులనే స్కోరు అంటారు, ఆ లెక్క చూసే బ్యాంకులు అప్పు ఇస్తాయి. మరి సిబిల్ గురించి నన్నెందుకు పిలిచినారంటే, మూడేండ్ల కిందట నా స్కోరు 900కి 548, ఈ నెల చూసుకుంటే 742. మధ్యలో ఏం జరిగిందో చెప్పమన్నారు, చెప్తా. మన స్టాఫ్ రూముల్లో జీతాల గురించి మాట్లాడుకుంటాం, పిల్లల పెండ్లిళ్ల గురించి మాట్లాడుకుంటాం, ఈ సంగతి మాత్రం ఎవరం ఎవరితో చెప్పుకోము. జీతం పడిన రోజే సగం కార్డుకు పోతాంటాది, పక్కన కూర్చున్న మనిషికి గూడ తెలీదు. నేను మా ఇంట్లో గూడ పదకొండు నెలలు దాచినా. ఆ పదకొండు నెలలు దాచకుండా ఉండింటే ఈ కథలో సగం ఉండేది కాదు.

మా పుట్టినిల్లు ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు దసరా గురించి మీకు నేను చెప్పాల్నా? అమ్మవారిశాల, తొట్టి మెరవణి, ఊరంతా చుట్టాలే. 2021లో ఆ దసరా దగ్గర్లోనే మా పాప ఓణీ ఫంక్షన్ పెట్టుకున్నాం. నా జీతం అప్పుడు 32 వేలు. మా ఆయన వైరింగ్ పనులకు పోతాడు, ఒక నెల ఉంటాది ఒక నెల ఉండదు. నా చేతిలో రెండు క్రెడిట్ కార్డులు, ఫోన్లో ఇప్పుడు కొను తర్వాత కట్టు అనే యాప్ ఒకటి. చీరలకు గీకినా, వెండి పళ్లేనికి గీకినా, వంటోళ్లకు ఇచ్చేదానికి ఏటీఎంలో పెట్టి డబ్బులే తీసినా. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు వేరే. అది నాకు బిల్లు వచ్చినాక తెలిసింది. ఫంక్షన్ అయిపోయేసరికి ఒక కార్డులో లక్షా ఎనభై వేలు, ఇంకో కార్డులో 65 వేలు, యాప్‌లో 22 వేలు.

బిల్లు వచ్చింది. బిల్లులో ఏముంటాది? టోటల్ డ్యూ, అంటే మొత్తం బాకీ అని ఒక అంకె, దాని కింద మినిమమ్ డ్యూ, అంటే ఈ నెలకు కనీసం కట్టాల్సింది అని ఒక చిన్న అంకె. లక్షా ఎనభై వేలు యాడ నుంచి తేవాల? తొమ్మిది వేలు అయితే కట్టగలం కదా. కట్టినా. కట్టినా కాబట్టి నేను మంచిదాన్నే అనుకున్నా. ఈడ బోర్డు మీద రాస్తాండా, అందరూ చూడండి, ఈ ఒక్క లెక్క మీకు అర్థమైతే చాలు.

బాకీ 1,80,000. నా కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం. అంటే 6,300. ఆ వడ్డీ మీద మళ్లా జీఎస్టీ 18 శాతం, అది 1,134. రెండూ కలిపితే 7,434. నేను కట్టింది ఎంత? 9,000. అందులో అసలుకు పడింది ఎంత? 1,566 రూపాయలు. తొమ్మిది వేలు కడితే పదహైదు వందల అరవై ఆరు. చూసినారా? ఇంకో మాట, బాకీ మిగిలి ఉన్నన్నాళ్లు కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని రోజులంటూ ఏమీ ఉండవు, పాల ప్యాకెట్ కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ లెక్క. అందుకే నేను నెలనెలా కడతానే ఉన్నా, బాకీ ఆడనే ఉండాది.

మనూరి భాషలో చెప్తా. వడ్డీ వ్యాపారి నూటికి రెండు రూపాయలు అంటే మనం ఏమంటాం? రెండు రూపాయలా, వద్దు సామీ అంటాం. నూటికి మూడు అంటే వాళ్లింటి గడప గూడ తొక్కం. మరి ఈ కార్డు ఎంత? 7,434ని లక్షా ఎనభై వేలతో భాగించండి. నూటికి నాలుగు రూపాయల పైన. నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఫంక్షన్ చేసినా నేను. బజార్లో ఎవరైనా వచ్చి నాలుగు రూపాయలకు ఇస్తా అంటే నేను తీసుకుంటానా? తీసుకోను. కార్డులో ఉంటే తీసుకున్నా, ఎందుకంటే ఆడ నాలుగు రూపాయలు అని ఎవరూ చెప్పలేదు, మినిమమ్ డ్యూ అని చెప్పినారు.

2022 జూన్‌కి వచ్చేసరికి నాతో కాలేదు. రెండో కార్డు పూర్తిగా కట్టడం మానేసినా. మొదటి కార్డు ఒక నెల కట్టడం, ఒక నెల వదిలేయడం. ఫోన్లు మొదలైనాయి. క్లాసులో ఉంటే ఫోను, బువ్వ తింటాంటే ఫోను. ఒక రోజు మా ప్రిన్సిపాల్‌కి చేసినారు. నన్ను రూములోకి పిలిచి మీ గురించి ఎవరో అడుగుతాండారు మేడమ్ అన్నాడాయన, అంతకు మించి ఒక్క మాట అనలేదు పాపం, కానీ ఆ రోజు నేను క్లాసుకు పోలేకపోయినా. ఇప్పుడు చెప్తా వినండి, అప్పుడు నాకు తెలీదు. రికవరీ వాళ్లు, అంటే బాకీ వసూలు చేసేవాళ్లు, పొద్దున ఎనిమిది లోపల, రాత్రి ఏడు దాటినాక ఫోన్ చేయకూడదు. మీ చుట్టాలకు, స్నేహితులకు చేసి మీ పరువు తీయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు పెట్టిన రూలు. చేస్తే నంబరు, టైము రాసి పెట్టుకోండి, ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో పలకకపోతే ఇట్లాంటి ఫిర్యాదులు వినేదానికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉండాడు, 14448కి ఫోన్ చేస్తే ఎట్ల చేయాల్నో చెప్తారు. అప్పు ఉండాది కాబట్టి మాట పడాల అనుకోవద్దు. అప్పు కట్టాల, మాట పడాల్సిన పని లేదు.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్తా. ఆ డిసెంబర్‌లో ఒకాయన ఫోన్ చేసి, ఫోన్లో శానా మర్యాదగా మాట్లాడినాడు, మేడమ్ మీ 65 వేలు ఇప్పుడు 88 వేలు అయింది, మీరు 40 వేలు కట్టేయండి, సెటిల్‌మెంట్ చేసేద్దాం, ఇంక ఫోన్లు రావు అన్నాడు. 88 ఉన్నది 40కి వస్తాంది, ఎవరైనా ఏం చేస్తారు? చేతి గాజులు పెట్టి 40 వేలు కట్టినా. ఫోన్లు ఆగిపోయినాయి. ఆ రాత్రి నిమ్మళంగా నిద్రపోయినా. సెటిల్ అంటే తెలుగులో ఏమనుకుంటాం? పరిష్కారం అయిపోయింది, తీరిపోయింది అనుకుంటాం కదా. సిబిల్ రిపోర్టులో ఆ మాటకు అర్థం వేరే. వీళ్లు పూర్తిగా కట్టలేదు, మిగతాది మేమే వదులుకున్నాం అని ఆ బ్యాంకు లోకానికంతా చెప్పినట్టు. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో మళ్లా చెప్తా.

జనవరిలో ఇంకో తప్పు. మొదటి కార్డు తీర్చేదానికి పర్సనల్ లోన్ కోసం పది రోజుల్లో మూడు తావుల అప్లై చేసినా, మూడు తావులా వద్దన్నారు. అప్లై చేసిన ప్రతిసారి వాళ్లు మన రిపోర్టు తెరిచి చూస్తారు, ఆ చూసింది గూడ రిపోర్టులో పడుతుంది. ఈ మనిషి అప్పు కోసం అల్లాడతాంది అని తర్వాత వచ్చేవాడికి అర్థమైపోతుంది. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. తగ్గుతుందని మా స్టాఫ్ రూములో శానామంది భయపడి చూసుకోరు. రోజూ చూసుకున్నా తగ్గదు.

అప్పుడు, ఫిబ్రవరిలో, మొదటిసారి నా రిపోర్టు నేను తెరిచినా. మనం అన్నిటికీ సిబిల్ అంటాం కానీ ఇట్లాంటి కంపెనీలు మన దేశంలో నాలుగు ఉండాయి, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ప్రతి కంపెనీ ఊరికే ఇవ్వాల, 2017 నుంచి అట్ల రూలు ఉండాది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటాది, 750 దాటితే మంచిది అంటారు. దయచేసి ఆ స్కోరు అంకె చూసి మూసేయొద్దు, కిందికి పోవాల. కింద ప్రతి అప్పుకు నెలనెలా ఒక గడి ఉంటాది, 36 నెలల దాకా. టైముకు కట్టిన నెల గడిలో మూడు సున్నాలు. కట్టనిచోట ఎన్ని రోజులు ఆలస్యమో ఆ అంకె. నా మొదటి కార్డులో 2022 జూలై కాడ నుంచి చూస్తే 028, తర్వాత 000, తర్వాత 030, 059. రెండో కార్డులో 030, 061, 091 అట్ల పెరుగుతా పోయింది. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ.

పిల్లల హాజరు పట్టీ మాదిరి అనిపించింది నాకు. నేను ముప్పై మంది పిల్లల పట్టీ రోజూ చూస్తా, ఎవరు ఎన్నిరోజులు రాలేదో నాకు తెలుసు. నా పట్టీ నేను చూసుకోలేదు. ఆ రోజు సాయంత్రం ఆ కాగితాలు ప్రింటు తీపించుకోని ఇంటికి పోయి మా ఆయన ముందర, మా అత్త ముందర పెట్టినా. ఏడ్చినా. మా ఆయన శానాసేపు మాట్లాడలేదు. మా అత్త ఒకటే అడిగింది, నెలకు ఎంత వడ్డీ అని. ఏడు వేల నాలుగు వందలు అని చెప్పినా. లేచి పోయింది లోపలికి.

మరుసటి వారం మేము ముగ్గురం బ్యాంకులో ఉన్నాం. మా అత్త కాసుల పేరు, అయిదు తులాలది, వాళ్లమ్మ పెట్టింది. కౌంటర్ పక్కన చిన్న బల్ల మీద అప్రైజర్, అంటే బంగారం పరీక్ష చేసే అబ్బాయి, గీటురాయి మీద గీసి, చుక్క వేసి చూస్తాంటే మా అత్త ఆ రాయి మీద పడిన పచ్చని గీతనే చూస్తా నిలబడింది. గీసినందుకు ఎంత పోతాది నాయనా అని అడిగింది. ఏమీ పోదు పెద్దమ్మా అని ఆ అబ్బాయి దూది పెట్టి తుడిచినాడు. నాకు ఇప్పటికీ ఆ గీత కండ్ల ముందర ఉండాది.

ఆ బంగారం మీద లక్షా ఎనభై వేలు అప్పు ఇచ్చినారు, ఏడాదికి తొమ్మిది శాతం. దాంతో మొదటి కార్డు బాకీ తీర్చేసినాం. మళ్లా బోర్డు చూడండి. తొమ్మిది శాతం అంటే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. నెలకు 1,350 రూపాయలు. కార్డుకు 7,434, ఈడ 1,350. అదే తొమ్మిది వేలు నెలనెలా బ్యాంకులో కట్టినా, అసలుకు 7,650 పడింది మొదటి నెలే. ఏడాదికి ఒకసారి తిరగరాయించుకోని 22 నెలల్లో తీరిపోయింది. 2025 జనవరిలో కాసుల పేరు ఇంటికి వచ్చింది. అయితే ఒక మాట గట్టిగా చెప్తా, బంగారం పెట్టి కార్డు తీర్చి మళ్లా అదే కార్డు గీకితే రెండు అప్పులు అవుతాయి, బంగారం వేలానికి పోతుంది. ఆ రోజే నా కార్డును మా ఆయన బీరువాలో పెట్టినాడు. అంత నమ్మకం లేనోళ్లు ఈ పని చేయొద్దు, కార్డు ఇచ్చిన బ్యాంకునే అడిగి బాకీని కంతులుగా మార్పించుకోండి, వడ్డీ తగ్గుతుందేమో అడగండి.

యాప్‌ది 22 వేలు అంతకు ముందే మూడు నెలల్లో కట్టేసినాం. కట్టేసినా అది రిపోర్టులో ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తాండె. దాంతో పాటు ఇంకో వింత, నేను ఎప్పుడూ తీసుకోని బైకు లోన్ ఒకటి నా పేరు మీద ఉండాది, నా పేరే ఉన్న ఇంకెవరిదో అది. ఇట్లాంటివి ఉంటే ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే ఇది తప్పు అని చెప్పుకునే ఫిర్యాదు ఉంటాది, ఊరికే పెట్టొచ్చు, పైసా కట్టాల్సిన పని లేదు. బాకీ తీరింది అని ఇచ్చే ఎన్ఓసీ కాగితం జత చేయాల. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయలు మనకు వాళ్లే కట్టాల, 2024 ఏప్రిల్ నుంచి ఆ రూలు ఉండాది. నాకు 24 రోజుల్లో రెండూ పోయినాయి. అందుకే చెప్తాండా, ఏ అప్పు తీర్చినా ఎన్ఓసీ తీసుకోకుండా ఆ ఆఫీసు మెట్లు దిగొద్దు. టీసీ లేకుండా పిల్లోణ్ణి ఇంకో స్కూల్లో చేర్చుకుంటామా మనం?

ఏందన్నా? ఆ, వెనక అన్న అడుగుతాండాడు, ఇంటామె డ్వాక్రా అప్పు గూడ పడుతుందా అని. పడుతుంది. సంఘం అప్పుల వివరాలు గూడ సభ్యురాలి పేరుతో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. బంగారం అప్పు పడుతుంది, బైకు కంతు పడుతుంది. ఇంకోటి, మన తట్టు శానా ఎక్కువ, జామీను సంతకం. మరిది ట్రాక్టర్‌కో, కొలీగ్ లోన్‌కో మొహమాటానికి పెడతాం. ఆయన కట్టకపోతే అది మన రిపోర్టులో గూడ ఉంటాది. ఎవరికైతే జామీను పెట్టినారో వాళ్లను మూడు నెలలకొకసారి కంతు కట్టినావా అబ్బీ అని అడగండి, అడిగేదానికి సిగ్గుపడొద్దు.

సెటిల్‌మెంట్ సంగతి మళ్లా చెప్తా అన్నా కదా. కాసుల పేరు ఇంటికొచ్చినాక, నెలకు తొమ్మిది వేలు కట్టే అలవాటు ఎట్లాగూ అయింది, మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కడదామని హోమ్ లోన్‌కు పోయినాం. స్కోరు అప్పటికి 690. ఆఫీసరమ్మ ఓపిగ్గా మొత్తం చదివి, మేడమ్ రెండేండ్లుగా అన్నీ సున్నాలే, శానా బాగుంది, కానీ ఈ ఒక్కటి అని పెన్సిలు పెట్టి చూపించింది. సెటిల్డ్. నేను 40 వేలు కట్టినానమ్మా అన్నా. కట్టినారు, 48 వేలు కట్టలేదు అనింది. అట్ల అంటే నాకు కోపం రాలేదు, నిజమే కదా, 48 వేలు నేను కట్టలేదు.

ఆరు నెలలు డబ్బు కూడబెట్టి, ఆ కార్డు బ్యాంకుకు పోయి, మీరు వదిలేసిన 48 వేలు నేను కడతా, తీసుకోండి అని లెటర్ ఇచ్చినా. ఆడున్న పిల్లోడు రెండుసార్లు చదివినాడు ఆ లెటర్. కట్టకముందే ఒక మాట రాయించుకున్నా, ఇది కడితే క్లోజ్డ్, అంటే పూర్తిగా తీరింది అని మారుస్తాం అని. రాయించుకోకుండా కట్టొద్దు. కట్టినాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకున్నా, నెలన్నరకు రిపోర్టులో సెటిల్డ్ పోయి క్లోజ్డ్ అని వచ్చింది. పాత ఆలస్యం గళ్లు పోలేదు, అవి నిజమే కాబట్టి పోవు. మాట మారింది. మీలో ఎవరికైనా ఇప్పుడు సెటిల్‌మెంట్ ఫోన్లు వస్తాంటే, నిజంగా వేరే దారి లేదు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు ఉంది, పని పోయింది అంటే అది వేరే, చేసుకోండి, తప్పు లేదు. కానీ ఫోన్లు ఆగుతాయని మాత్రం చేసుకోవద్దు. కంతులు పెట్టించుకోని పూర్తిగా కట్టే దారి ఉందేమో ముందు అడగండి.

ఇప్పుడు నేను కార్డు ఎట్ల వాడుతాండా అని అడిగినారు ఇందాక. మొదటి కార్డు మూసేయలేదు. అది పాతది, అంత పాత లెక్క ఉండడం మంచిదే. లిమిట్ 60 వేలకు తగ్గించుకున్నా. కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు, ఈ రెండే. లిమిట్‌లో మూడో వంతు గూడ తాకనీయను. జీతం పడిన రెండో రోజుకు టోటల్ డ్యూ పోయేటట్టు ఆటో పే పెట్టినా, పెట్టేటప్పుడు జాగ్రత్త, ఆ ఆటో పేలో గూడ మినిమమా టోటలా అని అడుగుతుంది, టోటల్ పెట్టండి. ఒకవేళ మరచిపోయినా, గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్యం అని సిబిల్‌కి చెప్పాల, లేట్ ఫీజు వేయాల, అంతలోపల కట్టేయండి. అసలు కార్డే లేనోళ్లు, ఎవరూ ఇవ్వనోళ్లు, బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ, అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు అడగండి, ఇస్తారు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదహైదు రోజులకొకసారి మన వివరాలు సిబిల్ లాంటి కంపెనీలకు పంపాల. ముందు మాదిరి నెలల తరబడి కాచుకోవాల్సిన పని లేదు, కట్టింది తొందరగానే కనపడుతుంది.

ఏడు రోడ్ల కాడ, బస్టాండు గోడల మీద సిబిల్ క్లియర్ చేస్తాం అని ఫోన్ నంబర్లు అంటించి ఉంటాయి, చూసే ఉంటారు. మా కొలీగ్ ఒకామె ఎనిమిది వేలు ఇచ్చింది. నిజంగా కట్టని దాన్ని ఎవరూ తీసేయలేరు, బ్యాంకు మేనేజర్ గూడ తీయలేడు. తప్పుగా పడినది మనమే ఊరికే తీయించుకోవచ్చు. మరి ఆ ఎనిమిది వేలు దేనికి? పైగా మన పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ వాళ్ల చేతిలో పెట్టినట్టు.

నా మొదటి కార్డులో ఆ పాత గళ్లు ఇంకా రెండు మిగిలినాయి. నెలకొకటి వెనక్కి జరిగి పోతాంది, కొత్త సున్నాలు ముందర చేరతాండాయి. హోమ్ లోన్‌కు వచ్చే నెల మళ్లా పోతాం, ఆ ఆఫీసరమ్మ దగ్గరికే.

సరే, టైము అయింది, భోజనాలు రెడీ అంటాండారు. భోజనాలయినాక ఫోన్లు తెచ్చుకున్నోళ్లు ఈ ముందు వరసలోకి రండి, రిపోర్టు ఎట్ల తెరవాల్నో ఒక్కొక్కరికి చూపిస్తా. మీ రిపోర్టు మీరే చూసుకోండి, నాకు చూపించాల్సిన పని లేదు, ఓటీపీ నాకు గూడ చెప్పొద్దు. అక్కా, పాప నిద్రపోయింది, మీరు ముందు తినేసి రండి.